కుక్కలక్క పేజీ

జూన్ 3, సోమవారం

కుట్లు విప్పారు. ఏడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఎర్రటి గీత ఒకటి మిగిలింది. చెయ్యి చూసే డాక్టరు నా వేళ్ళు ఒక్కొక్కటే వంచి, "రోజూ పది నిమిషాలు పెన్ను పట్టుకుని ఏదైనా రాయండి, లేకపోతే బిగుసుకుపోతాయి" అన్నాడు. ఏం రాయాలని అడిగితే, "సరుకుల చీటీ అయినా సరే" అన్నాడు. సరుకుల చీటీ రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతా ఎనిమిది నిమిషాల కోసం ఈ నోటుబుక్కు. కాబట్టి ఇది డైరీ కాదు, వేళ్ళకి కసరత్తు.

జరిగింది రాస్తే ఒక పేజీ నిండుతుంది. పేపరు కొట్టాయన గోధుమరంగు కుక్క చెవి కడిగించుకోవడానికి వచ్చింది. నాలుగేళ్ళుగా తెలిసిన కుక్కే కదా అని మూతికి పట్టీ కట్టలేదు. చెవి బాగా వాచి ఉంది. నేను ఒక్క క్షణం అటు తిరిగాను. కరిచింది. గీతలూ గిల్లుళ్ళూ ఈ పనిలో లెక్కలేనన్ని. పట్టుకుని వదలకపోవడం మాత్రం పదకొండేళ్ళలో ఇదే మొదలు. పాపం దాని తప్పేం లేదు. నేనే ఒక్క క్షణం అటు తిరిగాను.

క్లినిక్‌లో మిగతా సగం వాటా సీనియర్‌ది. కాలేజీలో నాకన్నా ఐదేళ్ళు పెద్ద కనక ఇప్పటికీ సీనియరే. ఆయన నా కట్టు చూసి మొదట అన్న మాట, "మెట్ల మీద జారిపడ్డావని చెబుదాం. కుక్కలక్కని కుక్క కరిచిందంటే ఏం బాగుంటుంది?"

కుక్కలక్క అంటే నేనే. తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళి ఫోటోలు పిన్నులకి చూపించడానికి తెరిచిన పేజీ. ఇంజెక్షనుకి ఏడుస్తున్న ఒక కుక్కని నేను కూర్చోబెట్టి మందలిస్తుంటే మా కాంపౌండరు వీడియో తీశాడు. అది ఊరంతా తిరిగింది. కింద ఎవరో "మా కుక్కలక్క" అని రాశారు. ఇప్పుడు పేజీలో నలభై ఒక్క వేలమంది. పిన్నులు ఆ గుంపులో ఎక్కడో ఉన్నారు.

పది నిమిషాలు దాటింది. చెయ్యి బాగానే ఉంది.

జూన్ 4, మంగళవారం

మూడు పిల్లులు, ఒక కుందేలు. కుక్కల్ని సీనియర్ చూశారు. చెయ్యి పూర్తిగా మానాక నేను చూస్తాను.

జూన్ 6, గురువారం

ఆడపడుచు వచ్చింది. ప్రకటనల కంపెనీలో పని. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ సబ్బు డబ్బా మీద అక్షరాలు బాగాలేవని చెప్పందే కాఫీ తాగదు. నా ఫోన్ లాక్కుని పేజీ మొత్తం కిందిదాకా చూసింది. ఎక్స్‌రే చూసే డాక్టరు మొహం పెట్టింది.

"వదినా, ఇదేంటి, కుక్క దంతాల పోస్టు కింద మీ అమ్మగారు 'భోజనం చేశావా తల్లీ' అని రాశారు."

"రోజూ రాస్తుంది."

"దాని కింద మూడొందల మంది 'చేశాం అమ్మా' అని రాశారు."

"అవును, వాళ్ళకి ఆవిడంటే ఇష్టం."

"ఇలా అయితే ఎవరైనా డాక్టరనుకుంటారా? మనిషివి ఒక్కదానివే అయినా గుమ్మాలు రెండుండాలి. ఒకటి క్లినిక్‌కి, ఒకటి ఇంటికి."

సాయంత్రానికల్లా నేను రెండయ్యాను. పాత పేజీ వృత్తికి. కొత్తది సొంతానికి: అమ్మ, అత్తగారు, పిన్నులు, పదకొండు మంది క్లాస్‌మేట్లు. పాత పేజీలో నా పేరు కింద వాక్యం కూడా తనే రాసింది: "జంతు వైద్యురాలు. కుక్కల నేస్తం. భయం తెలియని చేతులు."

చివరి ముక్క కాస్త ఎక్కువైందేమో అన్నాను. "ప్రొఫైల్ అంటేనే కాస్త ఎక్కువ" అంది.

చెయ్యి మానేదాకా కొత్త ఫోటోలు ఎలాగూ ఉండవు. కంప్యూటర్‌లో పెట్టకుండా మిగిలిపోయిన పాతవి రెండొందల పదకొండు దొరికాయి. రోజుకొకటి చొప్పున వాటంతటవే వెళ్ళేలా అమర్చి పెట్టింది. ఏడు నెలలదాకా నేను కుక్కల్ని ముట్టుకోకపోయినా పేజీలో రోజూ ముట్టుకుంటూనే ఉంటాను.

అంత అవసరం రాదులే. ఇంకో వారం.

జూన్ 9, ఆదివారం

అమ్మ ఫోన్.

"నన్నెందుకు తీసేశావు?"

"తీసెయ్యలేదమ్మా. నిన్ను సొంత పేజీలో పెట్టాను."

"అక్కడెవరూ లేరు. నీ అత్తగారు, నేను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం."

"పిన్నులున్నారుగా."

"వాళ్ళు మాట్లాడరు. ఆ మూడొందల మంది పిల్లలు ఏమయ్యారు?"

జూన్ 12, బుధవారం

బయట గదిలో ఒక కుక్క మొరిగింది. నా చేతిలో ట్రే జారి కత్తెరలూ పట్టకార్లూ అన్నీ కిందపడ్డాయి. "నేల తడిగా ఉంది" అన్నాను కాంపౌండరుతో. ఆయన వంగి కత్తెరలు ఏరుతూ నేల మీద అరచెయ్యి వేసి చూశాడు. ఏమీ అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, ఏమీ అనకపోవడంలో ఆరితేరాడు.

జూన్ 15, శనివారం

ఈరోజు వెళ్ళిన ఫోటోలో నేనొక దూడంత కుక్కని కౌగిలించుకుని ఉన్నాను. కింద ఆడపడుచు రాసిన వాక్యం: "ఈ ఉదయం నా మొదటి కౌగిలి." మూడువేల ఎనిమిది వందల మందికి నచ్చింది.

ఈ ఉదయం నిజానికి జరిగింది వేరు. నేనూ మా ఆయనా కూరగాయలకి బయల్దేరాం. మామూలు దారిలో ఇస్త్రీ కొట్టుంది. కొట్టు ముందు ఒక ముసలి కుక్క పడుకునుంటుంది. దానికి పళ్ళు కూడా లేవు, ఉన్న రెండూ నేనే పీకాను. నేను ముందు వీధిలోనే కుడివైపు తిరిగాను.

"ఇటెందుకు?" అన్నారు మా ఆయన.

"ఈ దారిలో చెట్లెక్కువ."

ఆయన అటూ ఇటూ చూశారు. ఒక కరెంటు స్తంభం ఉంది. "ఓహో" అని నా చేతిలో సంచీ తీసుకున్నారు.

చెట్లు అవతలి వీధిలో ఉన్నాయనుకున్నాను. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది.

జూన్ 16, ఆదివారం

సెలవు. చెయ్యి బాగానే ఉంది. వేళ్ళు చక్కగా వంగుతున్నాయి. ఇంకో వారం చూసి మొదలుపెడతాను.

జూన్ 20, గురువారం

ఈ ఉదయం వెళ్ళిన ఫోటో కింద ఒక కామెంటు. రాసినావిడ పేరు స్థానంలో "పోస్టమ్మ" అని ఉంది, పక్కన నల్లకుక్క బొమ్మ. "డాక్టరుగారూ, గోడ మళ్ళీ ఆకుపచ్చగా ఉందేంటి? మొన్న వేసవిలో మీగడ రంగు వేయించారు కదా. మళ్ళీ రంగు వేశారా?"

చదవగానే చెవులు వేడెక్కాయి. పాత ఫోటో అని పసిగట్టేసింది. ఆడపడుచుకి ఫోన్ చేశాను.

"జవాబివ్వకు వదినా. ఇస్తే తీగ లాగినట్టే."

"మరేం చెయ్యను?"

"నొక్కి పట్టుకో, తీసెయ్యమని వస్తుంది."

తీసేశాను. తొమ్మిదేళ్ళలో ఎవరి మాటా తియ్యలేదు. కుక్కల్ని వదిలేసి మేకలు కాసుకోమని నన్ను తిట్టినవాడిదీ అలాగే ఉంది.

జూన్ 24, సోమవారం

సీనియర్ నడుం పట్టుకుని నా గదిలోకి వచ్చారు. పొద్దున్నించి పద్నాలుగు కుక్కలు. నేనొక చిలుక గోళ్ళు కత్తిరిస్తున్నాను.

"ఇంకెన్నాళ్ళు?"

"చెయ్యి మానగానే సార్."

"చెయ్యి మానింది. ఆ చిలుకనడుగు, చెబుతుంది." కుర్చీలో కూలబడ్డారు. "వచ్చేవాళ్ళంతా నీ పేజీ చూసి వస్తున్నారు. లోపల నన్ను చూడగానే, ఎక్కాల్సిన బస్సు కాక వేరేది వచ్చినట్టు మొహం పెడుతున్నారు."

"ఇంకో వారం."

"ఆ మాట మూడు వారాల్నించీ వింటున్నాను."

చిలుక నా వేలు పొడిచింది. దానికి భయపడలేదు. అంటే నాకు భయం లేదన్నమాట. ఒట్టి చెయ్యే.

జూన్ 27, గురువారం

పోస్టమ్మ వచ్చింది. రిటైరైన పోస్టువుమన్. పక్కన ఫోటోలోని నల్లకుక్క. పదమూడేళ్ళు, ఒక కంట్లో పొర, ముందుకాలు కుంటుతోంది. రెండు బస్సులు మారి వచ్చారట. అంత పెద్ద కుక్కని బస్సెక్కనిచ్చారా అని కాంపౌండరు అడిగితే, "ఆ రూట్లో ముప్ఫైయొక్క ఏళ్ళు ఉత్తరాలు పంచాను, నన్నెవరాపుతారు" అంది.

కాంపౌండరు కాలు చూసి నా దగ్గరికొచ్చి చెప్పాడు: మోచేతి కింద గడ్డ, నిమ్మకాయంత. నెలరోజుల్నించి పెరుగుతోందట. అలాంటి గడ్డని ఆలస్యం చెయ్యకూడదు. సూదితో కాస్త తీసి పరీక్షకి పంపాలి, ఐదు నిమిషాల పని. నా మొహం మీద నీళ్ళు చల్లి లేపినా చేసే పని.

తలుపు దగ్గరిదాకా వెళ్ళాను. కుక్క తలెత్తి చూసింది.

"మా నల్లోణ్ణి మీరే చూడాలమ్మా" అంది ఆవిడ. "మీ పేజీ రోజూ చూస్తాను. ఇంకొకరి చేతిలో పెట్టలేను."

"నా చెయ్యింకా సరిగ్గా లేదండీ. మా సీనియర్ చూస్తారు, నాకన్నా అనుభవం ఎక్కువ."

"నిన్న ఫోటోలో వీడికన్నా పెద్దదాన్ని ఎత్తుకున్నారు కదా?"

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. నేను "ఒక్క నిమిషం" అని వెనక స్టోరు గదిలోకి వెళ్ళి కుక్కల తిండి బస్తాల మధ్య నిలబడ్డాను. బస్తా మీద కుక్క బొమ్మ ఉంది. దానివైపూ చూడలేదు.

బయటికొచ్చేసరికి వాళ్ళు లేరు. సీనియర్ చెయ్యి చాచితే ఆవిడ కుక్కని వెనక్కి లాక్కుందట. డాక్టరమ్మ చెయ్యి బాగయ్యాక వస్తానని చెప్పి వెళ్ళిపోయిందట.

"కార్డు మీద ఇంటి అడ్రసుంది" అన్నాడు కాంపౌండరు, నేనేమీ అడగకుండానే.

జూన్ 28, శుక్రవారం

రాయడానికేమీ లేదు.

జూన్ 29, శనివారం

భయమే.

జూలై 1, సోమవారం

పొద్దున్న మా ఆయన బూట్లు వేసుకుంటుండగా చెప్పేశాను. ఆయనది నీటి మీటర్లు చూసే ఉద్యోగం. రోజుకి అరవై గేట్లు తోయాలి. ఒక బూటు కాలికీ ఒక బూటు చేతిలోనూ ఉండగా అంతా విన్నారు.

"నాకూ భయమే" అన్నారు చివరికి.

"ఏంటి?"

"కుక్కలంటే. పదిహేనేళ్ళుగా. ప్రతి గేటు దగ్గరా మూడుసార్లు దగ్గుతాను. లోపల కుక్కుంటే ఆ దగ్గుకి మొరుగుతుంది. అప్పుడు మీటరు బయటినుంచే చూస్తాను. బైనాక్యులర్ ఉంది."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"కుక్కల డాక్టర్ని చేసుకున్నాను. ఏ మొహంతో చెప్పను?"

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి తెలిసింది, ఆయనకి ఉన్నది పొడిదగ్గు కాదని. దానికి నేను మూడు రకాల మందులు తెచ్చిపెట్టాను. తాగారు కూడా, పాపం.

రెండో బూటు వేసుకుంటూ, "ఆ నలభై వేలమందికీ చెబుతావో లేదో నీ ఇష్టం. ఆ పెద్దావిడకి మాత్రం ముందు చెప్పు. గడ్డ ఆగదు కదా" అన్నారు.

జూలై 3, బుధవారం

సూదులూ సీసాలూ సంచీలో పెట్టుకుని వెళ్ళాను. రెండు బస్సులు. మేడ మీద వాటా, మెట్ల పక్కన కుండీలు, తలుపు మీద "కుక్క ఉంది, మంచిది" అని చేతిరాత. నేను మూడుసార్లు దగ్గాను. మొరగలేదు. నల్లోడికి చెవులు కూడా అంతంతమాత్రమే.

పోస్టమ్మ తలుపు తీసి ఆశ్చర్యపోయింది. కూర్చోమంది. నేను గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేశాను, వాక్యాల మధ్య ఊపిరి తీసుకుంటే పారిపోతానని: మెట్ల మీద జారలేదు, కుక్క కరిచింది, భయం పట్టుకుంది, ఫోటోలన్నీ పాతవి, మీరు గోడ రంగు కనిపెట్టారు, నేను మీ మాట తీసేశాను.

"తీసేశారా? నా ఫోనే పాడైందనుకుని బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళాను."

"పాత ఫోటో అని మీరు పట్టేసుకున్నారని..."

"నేనేం పట్టుకున్నాను? వీడికి కొత్త రంగు వాసన పడదు, తుమ్ముతాడు. రంగు ఆరాక తీసుకొద్దామని అడిగాను."

ఏం చెయ్యాలో తెలియక నవ్వాను. ఆవిడా నవ్వింది. తరవాత చీర కాస్త పైకి లాగి పిక్క చూపించింది. నాలుగు మచ్చలు, వేరువేరు వయసులవి. ఒక్కోదాని వీధి పేరు, ఇంటి నంబరు చెప్పింది.

"ఇన్నిసార్లు కరిపించుకుని కుక్కనెలా పెంచుకున్నారు?"

"రిటైరైన రోజు ఆఖరి ఇంటి గేటు దగ్గర ఇంతుండేవాడు. ఉత్తరం లేదు వీడికి. సంచీ ఖాళీగా ఉందని వేసుకొచ్చాను." నన్ను పరీక్షగా చూసి 'మీరు' వదిలేసింది. "సరే గానీ అమ్మాయ్, అది కరిచినప్పుడు నువ్వేం చేస్తున్నావు?"

"చెవి చూస్తున్నాను. ఒక్క క్షణం అటు తిరిగాను."

"అటంటే?"

"అటు."

"అటు ఏముంది?"

నెలరోజులుగా ఈ పుస్తకంలో కూడా రాయలేదు. అటు ఫోన్ ఉంది. కాంపౌండరు పట్టుకుని ఉన్నాడు. కుక్కని దగ్గరికి లాక్కుని, వాచిన చెవి అని మరిచిపోయి నొక్కిపెట్టి, నేను పేజీ కోసం నవ్వుతున్నాను. అది రెండుసార్లు గుర్రుమంది కూడా. మొదటి ఫోటోలో కళ్ళు మూసుకున్నానని ఇంకోటి తియ్యమన్నాను.

చెప్పాను. ఆవిడ నల్లోడి వీపు నిమిరింది.

"అయితే నువ్వు భయపడాల్సింది కుక్కకి కాదు" అంది. అంతే, ఇంకేమీ సాగదియ్యలేదు. లేచి పాత గుడ్డ చింపి పట్టీ చేసింది. "కట్టు ఎలా కట్టాలో చెప్పు. తల నేను పట్టుకుంటాను."

పట్టీ కట్టాను. మొదటిసారి దగ్గరికెళ్ళి వెనక్కొచ్చాను. రెండోసారీ వచ్చాను. ఆవిడ తొందర పెట్టలేదు, నల్లోడితో నా గురించి ఏదో చెబుతోంది, "కొత్తమ్మాయి, అలవాటవుతుంది" అని. మూడోసారి ఎడమచెయ్యి వీపు మీద వేశాను. వెచ్చగా ఉంది. జాకెట్టు తడిసిపోయింది. సూది దించి తీసేసరికి పదకొండు నిమిషాలు. వాడు మధ్యలో నిద్రపోయాడని తరవాత తెలిసింది.

జూలై 6, శనివారం

రిపోర్టు వచ్చింది. చెడ్డ గడ్డే. కానీ ముదరకముందే దొరికింది, మొత్తం తీసేస్తే సరిపోవచ్చు. పోస్టమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆమె అడిగింది ఒక్కటే: "ఎవరు తీస్తారు?"

"నేను."

ఫోన్ పెట్టాక తలుపు గడియ వేసుకుని కాసేపు కూర్చున్నాను. ఆరు రోజులు ఆలస్యం చేశాను. ఆరూ నావే.

జూలై 7, ఆదివారం

మా ఇంట్లో సమావేశం. నేను రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. ఆడపడుచు చదివింది, సీనియర్ చదివారు, మా ఆయన వంటింట్లోంచి వింటున్నారు.

"బాగుంది వదినా. సొంత పేజీలో పెట్టు."

"అమ్మా అత్తగారూ చదువుతారు."

"అందుకే అది పెట్టింది. మనసులో మాటలు అక్కడ, పని మాటలు ఇక్కడ."

సీనియర్ కళ్ళజోడు తీశారు. "నువ్వు చెప్పదల్చుకుంటే ఆ వాకిట్లో నిలబడి చెప్పు, నేనూ చప్పట్లు కొడతాను. క్లినిక్ పేజీలో వద్దు. పళ్ళ డాక్టరు నోళ్ళంటే అసహ్యమని బోర్డు పెట్టుకుంటాడా?"

"అబద్ధం ఏ పేజీలో చెప్పానో నిజమూ అందులోనే చెప్పాలి కదా సార్. అమ్మకి నేనేం అబద్ధం చెప్పలేదు."

"మెట్లని చెప్పావు" అన్నారు మా ఆయన వంటింట్లోంచి.

"అమ్మకి కూడా చెప్పాను. సరే."

పదకొండు గంటలకి పెట్టాను. ఇక్కడా రాసుకుంటున్నాను, వేళ్ళకి మంచిది:

"మే నెలలో నేను మెట్ల మీద జారలేదు. నన్నొక కుక్క కరిచింది. దాని చెవి నొప్పిగా ఉంది. ఆ చెవి నొక్కి పట్టుకుని నేను ఈ పేజీకి ఫోటో కోసం ఫోన్ వైపు నవ్వుతున్నాను. తప్పు నాది. అప్పటినుంచి కుక్కలంటే భయం పట్టుకుంది. నెలరోజులుగా ఇక్కడ మీరు చూసినవన్నీ పాత ఫోటోలు. రేపటినుంచి మళ్ళీ కుక్కల్ని చూస్తాను. మూతికి పట్టీ కడతాను. మీరు పక్కన ఉండి పట్టుకోవాలి. నాకు మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది. అది ఇష్టం లేకపోతే మా సీనియర్ ఉన్నారు. ఆయనకి భయం లేదు, నడుంనొప్పి ఉంది."

ఆఖరి వాక్యం తియ్యమని సీనియర్ అన్నారు. తియ్యలేదు.

జూలై 8, సోమవారం

రెండువేల ఆరువందల మంది పేజీ వదిలి వెళ్ళారు. వచ్చిన ఫోన్లలో తొమ్మిది, రేపటి అపాయింట్‌మెంట్లు వద్దనుకున్నవాళ్ళవి. "భయపడే డాక్టరు ఇంజెక్షను ఎక్కడ పొడుస్తుందో" అని ఒకరు. "కుక్కలక్క కాదు, కుక్కలకక్కర్లేదు" అని ఇంకొకరు. అది చదివి నేను పకపకా నవ్వాను, ఆడపడుచు ఏడుపు మొహం పెట్టింది. ఇలాంటివి రాసేవాళ్ళు వాళ్ళ ఆఫీసులో కూడా లేరట.

సీనియర్ నాతో మాట్లాడలేదు. ఖాళీగా ఉన్న బయట గదిలో కూర్చుని పాత పత్రికలు సర్దారు. సర్దినవే మళ్ళీ సర్దారు. ఆ శబ్దం నాకు రోజంతా వినబడింది. అన్ని కుర్చీలు ఖాళీగా నేనెప్పుడూ చూడలేదు. నేను చేసింది సరైన పనేనా అని అడిగితే కాంపౌండరు కూడా ఈసారి ఏదో ఒకటి అని ఉండేవాడు. అడగలేదు.

మధ్యాహ్నం పేపరు కొట్టాయన వచ్చాడు, కుక్క లేకుండా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"మీరు మెట్ల మీద పడ్డారని అందరూ అంటుంటే నేనూ తలూపుతున్నానండీ. మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను."

"చెవెలా ఉంది?"

"వేరేచోట చూపించాను. తగ్గింది. మీ మొహం ఎలా చూడాలో తెలియలేదు."

"నాకూ దాని మొహం ఎలా చూడాలో తెలియలేదు. ఒకసారి తీసుకురండి."

సాయంత్రం అమ్మ ఎలాగో దారి వెతుక్కుని పాత పేజీకే వచ్చింది. తిట్టిపోస్తున్న రెండు కామెంట్ల మధ్య నిలబడి రాసింది: "నాకు మెట్లని చెప్పావు. తరవాత మాట్లాడతాను. భోజనం చేశావా?"

నాలుగొందల మంది జవాబిచ్చారు.

జూలై 13, శనివారం

నల్లోడి ఆపరేషను. మత్తు సీనియర్ ఇచ్చారు. సోమవారం నుంచి మేం మాట్లాడుకున్నవి మందుల పేర్లే. కత్తి నేను పట్టుకున్నాను. నిద్రపోయే కుక్కకి నేను భయపడను, చెయ్యి గీత గీసినట్టు కదిలింది. గడ్డ అంచులతో సహా వచ్చేసింది. లోపలికి పాకలేదు. కుట్లు వేస్తూ లెక్కపెట్టుకుంటే తొమ్మిది. నాకన్నా రెండెక్కువ.

అసలు పరీక్ష ఆ తరవాత. మత్తు దిగేటప్పుడు కుక్కకి తనెక్కడుందో తెలియదు, ఎవరినైనా కరవచ్చు. అలాంటప్పుడు పక్కన ఉండేది నేనే, ఎప్పుడూ. సీనియర్ చేతి తొడుగులు విప్పుతూ ఆగి, "నేనుండనా?" అన్నారు. సోమవారం తరవాత మందు పేరు కాని మొదటి మాట.

"తలుపు దగ్గర ఉండండి సార్. లోపలికి రావద్దు."

నల్లోడు కాలు కదిపాడు. కన్ను తెరిచాడు, పొరలేని కన్ను. నన్ను చూశాడో గోడని చూశాడో తెలియదు. నేను ఫోన్ లేని చేత్తో, ఎవరూ చూడని చేత్తో, వాడి మెడ మీద వేళ్ళుంచి కూర్చున్నాను. వాడి తల కదిలింది. తియ్యలేదు. వాడొకసారి తుమ్మి మళ్ళీ పడుకున్నాడు.

బయట పోస్టమ్మ సీనియర్‌కి తన పిక్క చూపిస్తోంది. మూడో మచ్చ దగ్గర ఉన్నారు.

"సోమవారం నుంచి సగం కుక్కలు నీవి" అన్నారు సీనియర్ వెళ్తూ. "మిగతా సగం నా నడుంవి."

జూలై 15, సోమవారం

ఆడపడుచుతో రాజీ కుదిరింది. రెండు పేజీలూ ఉంటాయి. సొంత పేజీలో మా ఆయన దగ్గుతున్న ఫోటోలు పెట్టుకుంటాను. వాటికి నలభై వేలమంది అక్కర్లేదు. అమ్మకి రెండు గుమ్మాల్లోనూ ప్రవేశం. మిగిలిన పాత ఫోటోలు ఆపించేశాను. నా పేరు కింద వాక్యం ఈసారి నేను రాశాను: "జంతు వైద్యురాలు. ఒకసారి కరిపించుకుంది. చికిత్స జరిగేటప్పుడు ఫోటోలు తియ్యబడవు."

"'తియ్యబడవు' బాగాలేదు వదినా, కోర్టు నోటీసులా ఉంది."

"ఉండనీ."

జూలై 22, సోమవారం

వారంలో పదమూడు కుక్కలు చూశాను. మునుపు ఒక్కరోజులో చూసినన్ని. పేపరు కొట్టాయన కుక్కని చూసినప్పుడు నేనొక అడుగు వెనక్కి వేశాను, అదీ వేసింది. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, చాలామంది రాలేదు. బయట గదిలో నాలుగు కుర్చీలు ఇంకా ఖాళీగానే ఉంటున్నాయి.

ఈరోజు మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. గోదాములో బస్తాలెత్తే పనట. తలుపులో పక్కకి తిరిగితే గానీ పట్టలేదు. చెయ్యంతా చాచి, ఆ చెయ్యి చివర గొలుసు చివర్న పట్టుకుని, ఒక మచ్చల కుక్కని తెచ్చాడు. గొలుసు ఇంకా పొడుగుంటే వీధి చివర నిలబడేవాడు.

"కుక్కలక్క మీరేనాండీ?"

"నేనే."

"ఇది మా అత్తగారిది. ఆవిడ నెల రోజులు ఊళ్ళో ఉండదు. తిండి సరిగ్గా తినట్లేదు." గొంతు తగ్గించాడు. "మీ పేజీలో చదివే వచ్చానండీ. ఇంకోచోటికి వెళ్తే నవ్వుతారు. నాకు కుక్కలంటే చచ్చేంత భయం."

నేనాయన్ని చూశాను. ఆయన భుజాల ముందు నేను సగం కూడా ఉండను.

"పట్టుకోవాలండీ" అన్నాను. "పేజీలో రాశాను కదా, మీరు పట్టుకోవాలి."

"మీరు ముందు పట్టుకుంటారేమోనని..."

"మీరు పట్టుకుంటే నేను పట్టీ కడతాను."

"మీరు పట్టీ కడితే నేను పట్టుకుంటాను."

ఇద్దరం బల్లకి అటూ ఇటూ నిలబడిపోయాం. కాంపౌండరు గోడవైపు తిరిగి భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. కుక్క మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తరవాత ఎవరూ చెప్పకుండానే నడిచి వెళ్ళి తూకం పలక ఎక్కి కూర్చుంది.

పద్దెనిమిది కిలోల నాలుగొందలు. కార్డులో రాసుకున్నాను.